బైబిలును ప్రశ్నిస్తూనే అద్భుతాన్ని నమ్మవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, లూథరన్ కుటుంబం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. కొన్నేళ్ళుగా బైబిలు ఎలా రూపొందిందన్న విషయం మీద చదువుతున్నాను. ఆరు రోజుల సృష్టి, యోనా చేప కడుపులో ఉండడం అక్షరాలా జరిగాయని ఇప్పుడు అనుకోలేకపోతున్నాను. అయినా క్రీస్తు మరణం నుంచి తిరిగి లేచాడనీ, ప్రార్థన వింటాడనీ నా నమ్మకం. కలిసి చదివే మిత్రులు దీన్ని పిరికితనం అంటున్నారు. స్వస్థత కూటాలకు వెళ్ళే నా భార్య నన్ను అవిశ్వాసి అంటోంది. మా తొమ్మిదేళ్ళ పాపకు ఫిట్స్ ఉన్నాయి. ఈ మధ్య కూటంలో నూనె రాసి ప్రార్థించాక, స్వస్థత కలిగిందని నా భార్య రాత్రి మాత్రలు ఆపేసింది. ఇద్దరం గట్టిగా గొడవపడ్డాం. మర్నాడు పాప, "నాన్నా, నువ్వు నమ్మకపోతే నాకు తగ్గదా?" అని అడిగింది. నేను ఎటు నిలబడాలి?

జవాబు: మీ సిద్ధాంతపు ప్రశ్నకు నెమ్మదిగా జవాబు వెతుక్కోవచ్చు గానీ, మాత్రల సంగతి ఈ రోజే తేలాలి. ఫిట్స్ మందులు ఉన్నట్టుండి ఆపితే, ఒకదాని వెంట ఒకటిగా ఆగకుండా మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. అది ప్రాణం మీదికి తేగలదు. పాపను చూస్తున్న న్యూరాలజిస్టుకు వెంటనే ఫోను చేసి, ఎన్ని మోతాదులు తప్పాయో దాచకుండా చెప్పి, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో అడగండి. తప్పినవాటికి బదులుగా మీ అంతట మీరు రెండేసి వేయకండి. ఈలోగా మూర్ఛ వస్తే పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మందు ఆపగలిగే రోజు రావచ్చు. సాధారణంగా పిల్లలకు రెండేళ్ళ పాటు మూర్ఛ రాకపోతే డాక్టర్లు ఆ ఆలోచన చేస్తారు, అప్పుడు కూడా వారాలు, నెలల తరబడి మోతాదు తగ్గించుకుంటూ వెళతారు. మీ శ్రీమతికి ఈ మాట మీ నోట కాకుండా డాక్టరు నోట వినిపిస్తే మంచిది.

ఇక పాప అడిగిన ప్రశ్న. మీ ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువగా కలచినది అదే. తొమ్మిదేళ్ళ బిడ్డ తన జబ్బు భారాన్ని తండ్రి నమ్మకం మీద పెట్టి చూస్తోందంటే, పెద్దల మాటలు ఆమె చెవిన పడ్డాయన్న మాట. మార్కు సువార్త తొమ్మిదో అధ్యాయాన్ని ఆమెకు మీరే చదివి వినిపించండి. అక్కడి తండ్రి కొడుక్కి కూడా ఇలాంటి బాధే: నేల మీద పడి, నురుగు కక్కుతూ, పళ్ళు కొరుక్కుంటూ కొయ్యబారిపోతాడు. ఆ తండ్రి యేసు దగ్గర నమ్మకం నిండుగా ఉన్నట్టు నటించలేదు. నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చేయమని ఏడుస్తూ అడిగాడు. అతని అపనమ్మకం కొడుకు స్వస్థతకు అడ్డురాలేదు. యోహాను సువార్తలో పుట్టుగుడ్డివాని గురించి, వీడు పాపం చేశాడా, వీడి తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగితే, యేసు ఆ రెండూ కాదన్నాడు. "నీ జబ్బుకు నువ్వు కారణం కాదు, నేను కాదు, అమ్మ కాదు" అని పాపతో మీరిద్దరూ కలిసి చెప్పాలి. అది చెప్పడానికి సృష్టి గురించి మీరిద్దరూ ఏకాభిప్రాయానికి రావలసిన అవసరం లేదు.

మార్కు ఆ పిల్లవాడి బాధను దయ్యం పట్టడంగా వర్ణించాడు, మీకు గుచ్చుకుంటున్నది అదేనని ఊహించగలను. క్రీస్తుకు సుమారు నాలుగు వందల ఏళ్ళ ముందే గ్రీకు వైద్యులు ఈ జబ్బు మిగతా జబ్బులకంటే దైవికమైనదేమీ కాదనీ, దీని మూలం మెదడులో ఉందనీ రాశారు. సువార్త రాసినవాడు తన కాలపు జనం చెప్పుకునే భాషలోనే రాశాడు. యేసు ఆ బిడ్డను బాగుచేశాడని నమ్మడానికి, ఆ వర్ణనను మీ పాపకు అంటగట్టనవసరం లేదు. ఆ పని ఎవరు చేయబోయినా, వారు ఎంత ప్రార్థనాపరులైనా సరే, మీరు గట్టిగా అడ్డుకోవాలి.

మీ మిత్రుల వాదన విషయానికి వద్దాం. యోనాను కథగా చదివినవాడు పునరుత్థానాన్ని కూడా కథగానే చదవాలని వారంటున్నారు. అలా రెంటినీ ముడివేసినవారు చరిత్రలో ఉన్నారు. 1748లో స్కాట్లాండ్ తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్, ప్రకృతి నియమాలకున్న అనుభవబలం ముందు ఏ సాక్ష్యమూ అద్భుతాన్ని నిలబెట్టలేదన్న వాదన ప్రచురించాడు. 1941లో జర్మన్ పండితుడు రుడాల్ఫ్ బుల్ట్‌మన్, కరెంటు దీపాలు, రేడియో, ఆధునిక వైద్యం వాడుకుంటూ కొత్త నిబంధనలోని ఆత్మల, అద్భుతాల లోకాన్ని నమ్మడం కుదరదన్నాడు. అవతలి వైపు నుంచి 1923లో అమెరికా ప్రెస్బిటేరియన్ పండితుడు గ్రెషమ్ మేచెన్, ఉదారవాదం, అంటే ఆధునిక ఆలోచనకు తగ్గట్టు విశ్వాసాన్ని సడలించే వేదాంత ధోరణి, క్రైస్తవంలో ఒక శాఖ కాదు, అది వేరే మతమేనన్నాడు. పరస్పరం విరోధించిన ఈ పక్షాలు ఒక్క విషయంలో మాత్రం ఏకీభవించాయి: తీసుకుంటే అంతా తీసుకో, లేదా అంతా వదిలేయి. మీ మిత్రులు ఒకవైపు నుంచి, మీ శ్రీమతి మరోవైపు నుంచి మీకు చెబుతున్నదీ అదే. మీరు నలుగుతున్నది ఆ షరతు కింద. దాన్ని ఒప్పుకొని తీరాలని ఎక్కడా లేదు.

ఒప్పుకోనివారు మొదటినుంచీ ఉన్నారు, వారు చిన్నవారు కారు. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పోలో బిషప్పుగా ఉన్న అగస్టీను, ఆదికాండంలోని ఆరు రోజులను మన రోజుల్లాంటివిగా తీసుకోనక్కరలేదని 5వ శతాబ్దంలోనే రాశాడు. ఆయనే తన ఊళ్ళో జరిగినట్టు తాను విన్న, చూసిన స్వస్థతలను వరుసగా నమోదు చేయించాడు. అద్భుతం ప్రకృతికి విరుద్ధం కాదు, ప్రకృతి గురించి మనకు తెలిసినదానికి విరుద్ధం అన్నది ఆయన అభిప్రాయం. మన కాలంలో జాన్ పోకింగ్‌హార్న్ కేంబ్రిడ్జిలో గణిత భౌతికశాస్త్ర ఆచార్యుడిగా ఉండి, 1979లో ఆ పదవి వదులుకొని, 1982లో చర్చి గురువుగా అభిషేకం పొందాడు. పరిణామవాదాన్ని అంగీకరించాడు, పునరుత్థానాన్నీ నమ్మాడు. నాకు ఇంకా ఎక్కువ ఉపయోగపడేది జర్మన్ వేదాంతి వుల్ఫ్‌హార్ట్ పానెన్‌బర్గ్ ఉదాహరణ. కన్య గర్భాన క్రీస్తు పుట్టిన కథనాన్ని ఆయన చరిత్రగా తీసుకోలేదు. పునరుత్థానం మాత్రం చరిత్రలో జరిగిన సంఘటనేనని, చరిత్రకారుడి పద్ధతిలోనే వాదించాడు. ఆయన తీర్పుతో మీరు ఏకీభవించనక్కరలేదు. ఒక్కొక్క కథనాన్ని దాని సాక్ష్యాన్ని బట్టి తూచవచ్చునని ఆయన చూపించాడు.

అలా తూచి చూస్తే మీ చదువు మీకు శత్రువు కాదు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక సుమారు 55వ సంవత్సరం నాటిది, అంటే సిలువ జరిగి పాతికేళ్ళు. అందులో క్రీస్తు కనబడినవారి జాబితా ఇస్తూ, తనకు అందినదాన్నే అప్పగిస్తున్నానంటాడు. చూసినవారిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారంటాడు. ఆ జాబితా పత్రిక కంటే పాతదని సంప్రదాయాన్ని నమ్మనివారు కూడా చాలామంది ఒప్పుకుంటారు. యోనా గ్రంథానికి ఇలాంటి సాక్ష్యం లేదు, ఆ రచన తీరే వేరు. ఇది పునరుత్థానాన్ని రుజువు చేస్తుందని నేను అనను. అయితే దాన్ని నమ్మడం పిరికితనమని అనడానికి మాత్రం వీలులేదు. పాములను ఎత్తిపట్టుకోవడం, విషం తాగినా హాని కలగకపోవడం, రోగుల మీద చేతులుంచితే స్వస్థత కలగడం అన్న వాగ్దానం మార్కు సువార్త చివరి పన్నెండు వచనాల్లో ఉంది, 4వ శతాబ్దపు రెండు ప్రాచీన ప్రతుల్లో ఆ వచనాలే లేవు. చూశారా, ఒకే పద్ధతి ఒకచోట మీ నమ్మకానికి ఆధారం చూపించింది, మరోచోట జాగ్రత్త చెప్పింది.

ఉత్తరం చివర మీరు సంకోచంతో రాసిన సంగతి గురించి కూడా చెప్పాలి. కోవిడ్ రోజుల్లో మీ అమ్మగారు వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు, తెల్లవారుజామున ఆసుపత్రి వరండాలో ప్రార్థిస్తుంటే పక్కన ఎవరో ఉన్నట్టు అనిపించిందనీ, అమ్మగారు కోలుకున్నారనీ, పక్క మంచం మీది మనిషి మాత్రం వాళ్ళవాళ్ళు అంత ప్రార్థించినా దక్కలేదనీ రాశారు. ఆ అనుభవాన్ని భ్రమగా కొట్టిపారేయమని నేను చెప్పను, దేవుడున్నాడనడానికి నిదర్శనంగా ఎవరి ముందూ పెట్టమనీ చెప్పను. మీరు కృతజ్ఞత చెప్పుకోండి. ఆ రెండో కుటుంబం ప్రార్థనలో లోపం ఉందని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. తనను వేధించే బాధను ముల్లు అని పిలిచి, దాన్ని తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. ఒకరికి ఎందుకు దక్కింది, మరొకరికి ఎందుకు దక్కలేదన్న ప్రశ్నకు జవాబు చెప్పే వేదాంతం నాకు కనబడలేదు, చెప్పగలమనేవారిని నేను నమ్మను.

ఈ సంగతి మీ శ్రీమతికి ఇంతవరకూ చెప్పలేదని రాశారు. అందుకే ఆమె దృష్టిలో మీరు ప్రార్థన లేని మనిషి. యోనాతో కాకుండా ఆ వరండాతో మాట మొదలుపెట్టండి. ఆ తర్వాత, పాపకు మొదటిసారి మూర్ఛ వచ్చిన రాత్రి ఆమెకు ఎలా అనిపించిందో అడిగి, మధ్యలో అడ్డుపడకుండా వినండి. బిడ్డ పళ్ళు కరుచుకుపోవడం కళ్ళారా చూసిన తల్లికి, ఇక రాదని ఎవరైనా ధైర్యంగా చెబితే ఆ మాట పట్టుకోవాలనిపించడం సహజం. ఆమెను వాక్యంతో ఓడించే ప్రయత్నం చేయకండి. కావాలంటే ఇద్దరూ కలిసి రాజుల రెండవ గ్రంథం ఇరవయ్యో అధ్యాయం చదవండి: హిజ్కియా రాజు ప్రార్థన దేవుడు విన్నాడని చెప్పిన యెషయా ప్రవక్తే, అతని పుండు మీద అంజూరపు పళ్ళ ముద్ద పెట్టించాడు. మీ గుంటూరులో ఇదే కళ్ళకు కనిపిస్తుంది. 1883లో వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ సువార్త కోసమే వచ్చి స్త్రీలకు వైద్యం చేసింది, 1898లో ఆసుపత్రి తెరిచింది. ఆ ఆసుపత్రిలో మందు ఇవ్వడం అవిశ్వాసమని ఆ తరం విశ్వాసులు అనుకోలేదు.

మీ శ్రీమతి వెళ్ళే కూటాల పాస్టరు గారిని కూడా కలవండి, కోపంతో మాత్రం వెళ్ళవద్దు. ప్రార్థించినందుకు కృతజ్ఞత చెప్పి, డాక్టరు ఆపమనేదాకా మందు ఆపవద్దని మీ శ్రీమతితో స్వయంగా చెప్పమని కోరండి. అలా చెప్పే పాస్టర్లు చాలామందే ఉన్నారు. ఆయన ఒప్పుకోకపోతే, పాపను ఆ కూటాలకు తీసుకెళ్ళడం ఆపవలసిందేనని నా అభిప్రాయం. మీ శ్రీమతి తన ఆరాధనకు వెళ్ళడాన్ని మాత్రం అడ్డుకోకండి.

ఆదివారం విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు కపటంగా ఉన్నట్టు అనిపిస్తోందన్నారు. పునరుత్థానుడు కనబడిన కొండ మీదే కొందరు సందేహించారని మత్తయి రాశాడు, వారిని ఎవరూ పంపేయలేదు. తోమా ఎనిమిది రోజులు నమ్మకుండానే మిగతా శిష్యులతో ఉన్నాడు. ఒక వాక్యం మీకు ఇంకా తేలకపోతే సంఘంతో కలిసి చెబుతూనే ఆలోచించండి, అది అబద్ధం కాదు. తేల్చుకోవడానికి మనిషి తోడు కావాలంటే, హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియొలాజికల్ కాలేజీ వంటి చోట్ల చదివిన గురువులను అడగండి. లూథరన్, బాప్టిస్టు, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) సంఘాల్లో అటువంటి వారున్నారు, మీరు చదివిన విమర్శను వారు తరగతి గదిలోనే చదివారు. ఏమి వదులుకున్నారని అడగడంతో ఆగకండి. అంత చదివాక కూడా రోగి మంచం పక్కన మోకరించి ఏమని ప్రార్థిస్తారో అడగండి.