పిల్లల మీద పీహెచ్‌డీ: నెట్ కంటే పుట్టినతేదీలే ఎక్కువ ఏడిపిస్తాయి

ఎమ్మెస్సీ సైకాలజీ తర్వాత డెవలప్‌మెంటల్ సైకాలజీలో (వయసుతో పాటు మనసు ఎదిగే తీరును చదివే శాఖ) పీహెచ్‌డీకి ఏం కావాలని అడిగారు. కాగితం మీది అర్హతలు తేలికే. పీజీలో 55 శాతం (రిజర్వేషన్ వర్గాలకు 50), ఆపైన యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష, లేదా కొన్ని యూనివర్సిటీలు పెట్టే సొంత ప్రవేశ పరీక్ష. 2024 జూన్ నుంచి పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే పనికొచ్చే అర్హత కూడా ఇస్తున్నారు. అలా చేరేవాళ్ల ఎంపికలో నెట్ మార్కులకు 70, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది. చేరాక 12 నుంచి 16 క్రెడిట్ల కోర్స్‌వర్క్. మొత్తం గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరు. మన దగ్గర పట్టా మీద సాధారణంగా సైకాలజీ అనే ఉంటుంది, కాబట్టి యూనివర్సిటీ పేరు కాదు, పిల్లలతో పనిచేసే గైడ్ ఉన్నారా లేదా చూడండి. హోమ్ సైన్స్‌లోని హ్యూమన్ డెవలప్‌మెంట్ విభాగాన్ని సైకాలజీవాళ్లు ఎందుకో చిన్నచూపు చూస్తారు. పిల్లల మధ్య కూర్చుని పనిచేయడం ఆ విభాగంవాళ్లకే బాగా తెలుసు.

అసలు తంటా డేటా దగ్గర. ఇక్కడ వయసు నెలల్లో లెక్క. ఉదాహరణకు పిల్లలకు ఓ చిన్న కథ చెప్పి అడుగుతాం: బుట్టలో గోళీ పెట్టి సీత బయటికెళ్లింది, రాము దాన్ని డబ్బాలోకి మార్చాడు, సీత వచ్చి ఎక్కడ వెతుకుతుంది? మూడేళ్లవాళ్లలో ఎక్కువమంది డబ్బా అంటారు. నాలుగు దాటి ఐదుకొచ్చేసరికి చాలామంది బుట్ట అంటారు, గోళీ మారిన సంగతి సీతకు తెలియదని వాళ్లకు అర్థమవుతుంది. అంత తక్కువ కాలంలో వచ్చే మార్పును కొలుస్తూ బడి రిజిస్టరు తేదీలు నమ్మితే పని అయినట్టే! అడ్మిషన్ కోసం సర్దిన తేదీలు అందులో బోలెడు. ఒకే తరగతిలో సగంమంది జూన్‌లో పుట్టారంటే అనుమానించాల్సిందే. జనన ధ్రువపత్రం, అంగన్‌వాడీ తల్లీబిడ్డల కార్డు పోల్చి చూడండి. తేలకపోతే ఆ బిడ్డను శాంపిల్లోంచి తీసేయండి.

హెడ్మాస్టరు సరేనంటే చాలదు. ముందు ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని లేదని చూసే కమిటీ) ఆమోదం, తర్వాత తల్లిదండ్రుల సంతకం. ఏడు నుంచి పన్నెండేళ్ల పిల్లల్ని వాళ్లకు ఇష్టమేనా అని నోటిమాటగా అడగాలి, ఆపై వయసువాళ్ల దగ్గర సమ్మతి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫారాలు పిల్లల సంచుల్లో పంపితే చాలావరకు తిరిగి రావు. పేరెంట్స్ మీటింగ్ రోజున చేతికివ్వండి. ఆమోదం మార్చిలో వచ్చిందా, పరీక్షలు, వేసవి సెలవులు దాటి జూన్ రెండో సగం దాకా బళ్లలో అడుగుపెట్టలేరు. అందుకే కోర్స్‌వర్క్ నడుస్తుండగానే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టేయండి.

ఇంకోటి, ఈ పీహెచ్‌డీతో క్లినికల్ సైకాలజిస్టు బోర్డు పెట్టకూడదు. దానికి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ వేరే ఉండాలి.