బ్రూనో కీమోకి 1,60,000 అన్నారు, అసలు ఖర్చు ఎంత, ఎక్కడ్నించి తియ్యాలి?

ఈ వారం ప్రశ్న హన్మకొండ నుంచి. ఆవిడ ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్చరర్, చేతికి 42,000, వాళ్ళాయనకి 55,000. హోమ్ లోన్ ఈఎంఐ 27,000, చిట్టీ 10,000 (3 లక్షల చిట్టీ, 30 నెలలది, ఇప్పుడు 9వ నెల), బాబు ఫీజు ఇంటి ఖర్చు అన్నీ పోగా నెలకి 17,000 దాకా మిగులుతాయట. ఎఫ్‌డీ 2,50,000, కొంచెం బంగారం, అందరికీ హెల్త్ పాలసీ ఉన్నాయి. వాళ్ళ ల్యాబ్రడార్ బ్రూనోకి 8 ఏళ్ళు, మెడ కింద గడ్డలు కనిపిస్తే టెస్ట్ చేయించారు, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అని తేలింది. హైదరాబాద్‌లో డాక్టర్ 16 డోసుల కీమో, దాదాపు 6 నెలలు, 1,60,000 అవుతుందన్నారు. "మావారు క్రెడిట్ కార్డ్ మీద ఈఎంఐ పెట్టేద్దాం అంటున్నారు, నేను చిట్టీ పాడేద్దాం అంటున్నా, మా అత్తయ్య కుక్కకి లక్షన్నరా అని రోజూ ఒకటే గొడవ, ఏం చెయ్యమంటారు సార్" ఇదీ ప్రశ్న.

చూడండమ్మా, మీ అత్తయ్యగారు అడిగింది తప్పేం కాదు, ఈఎంఐలు కట్టే ఇంట్లో ఎవరో ఒకళ్ళు అడగాల్సిందే. కానీ పెట్టాలా వద్దా అనేది మీ ఇంటి విషయం, అందులో నేను వేలు పెట్టను. నా పని ఆ 1,60,000 అనే అంకె కరెక్టా కాదా చూడటం, అది కరెక్టు కాదు. అది హాస్పిటల్ బిల్లు, అంతే. బ్రూనోని చూసుకునే మనిషి ఖర్చు అందులో ఎక్కడా లేదు, ఆ మనిషి మీరే.

కుక్కని రైల్లో తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి లేదంటే బ్రేక్ వ్యాన్‌లో వెయ్యాలి, కీమో ఎక్కించుకున్న కుక్కని అలా వేసే మనసు ఎవరికుంటుంది, కాబట్టి కారే. రానూ పోనూ 300 కిలోమీటర్లు, పెట్రోలు టోలు కలిపి 2,700 అనుకుంటే 16 ట్రిప్పులకి 43,000. ట్రిప్పుకి ఒక రోజు సెలవు, మీకు లాస్ ఆఫ్ పే కాబట్టి రోజుకి 1,400 చొప్పున 22,000. మధ్యలో వాంతులు, మోషన్స్, తెల్లకణాలు పడిపోయి జ్వరం, వీటికి సెలైన్లు యాంటీబయాటిక్స్ అని ఒక 20,000 పక్కన పెట్టాలి. మొత్తం 2,45,000, అంటే మీ ఎఫ్‌డీ మొత్తం హారతి కర్పూరం.

ఇందులో తగ్గించుకునే చోటు ఉంది. లింఫోమాకి మామూలుగా ఇచ్చేది విన్‌క్రిస్టిన్, సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరూబిసిన్ వంతులవారీగా, వాటితో పాటు మొదట్లో ప్రెడ్నిసోలోన్ మాత్రలు. 16 డోసుల లెక్కలో సాధారణంగా 8 విన్‌క్రిస్టిన్, 4 సైక్లోఫాస్ఫమైడ్, 4 డాక్సోరూబిసిన్. వీటిలో విన్‌క్రిస్టిన్ మన దగ్గర పశువుల డాక్టర్లకి కొత్తేం కాదు, వీధి కుక్కలకి వచ్చే టీవీటీ (ఒకదాన్నించి ఒకదానికి అంటుకునే క్యాన్సర్) గడ్డలకి వారం వారం ఇచ్చే ఇంజక్షన్ అదే. మీకు దగ్గర్లోనే మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. హైదరాబాద్ డాక్టర్ ప్లాన్ రాసిచ్చి, డాక్సోరూబిసిన్ మాత్రం అక్కడ, మిగతావి రక్తపరీక్ష చూసుకుని ఇక్కడ ఇచ్చేలా ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుంటారేమో అడగండి. ఒప్పుకుంటే 16 ట్రిప్పులు 6 అవుతాయి (డాక్సోరూబిసిన్‌కి 4, చెకప్‌లకి 2 అనుకుందాం), మీ ఖర్చు 2,05,000కి దిగుతుంది. ఇక్కడ ఎవరూ ఒప్పుకోకపోతే మాత్రం బలవంతం చెయ్యకండి, విన్‌క్రిస్టిన్ నరం పక్కకి లీకైతే కండ పాడైపోతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, డబ్బు మొత్తం ప్యాకేజీ అని ముందే కట్టొద్దు. ఈ ట్రీట్‌మెంట్‌కి 10లో 8 కుక్కలకి గడ్డలు కరుగుతాయి, మామూలుగా ఇంకో ఏడాది అటూ ఇటూ బతుకుతాయి, పూర్తిగా నయమయ్యేవి చాలా తక్కువ. అది బీ సెల్ రకమా టీ సెల్ రకమా అని టెస్ట్ చేయించండి, టీ సెల్ అయితే ఆ టైమ్ ఇంకా తగ్గుతుంది. మొదటి 4 వారాల తర్వాత గడ్డలు కరిగాయా లేదా చూసి అప్పుడు ముందుకెళ్ళండి, అక్కడిదాకా మీకయ్యేది ఒక 50,000. అన్నట్టు కీమో చేయించాలా వద్దా తేలకుండా ప్రెడ్నిసోలోన్ మొదలుపెట్టకండి, ముందే అది వాడేస్తే తర్వాత కీమో సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు. కీమో వద్దనుకుంటే అదొక్కటే వాడి నెలా రెండు నెలలు హాయిగా ఉంచడం కూడా ఒక దారే, దానికి పెద్ద ఖర్చు లేదు, అందులో సిగ్గుపడాల్సిందీ లేదు.

సరే, చేయిస్తున్నారు అనుకుందాం. మీకు మిగిలే 17,000లో 15,000 చొప్పున 6 నెలలకి 90,000 వస్తుంది. ఇంకా 1,15,000 కావాలి. చిట్టీ ఇప్పుడు పాడొద్దు, 9వ నెలలో పాట ఎంత దాకా పోతుందో మీకు తెలుసు, పైగా మీకు లక్ష కావాలంటే మొత్తం చిట్టీ ఎత్తాలా. క్రెడిట్ కార్డ్ ఈఎంఐ అంటే 15 శాతం పైమాటే, వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఒక నెల తప్పితే నెలకి 3 శాతం పైన బాదుతారు. మీవారి ఆలోచన పక్కన పెట్టేయండి. ఎఫ్‌డీ పగలగొట్టకుండా దాని మీదే ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, ఎఫ్‌డీ తాకట్టు మీద ఇచ్చే అప్పు) తీసుకోండి. మామూలుగా ఎఫ్‌డీ వడ్డీకన్నా 1 శాతం ఎక్కువ పడుతుంది, కానీ ఎఫ్‌డీ మీద మీ వడ్డీ మీకొస్తూనే ఉంటుంది, అదీ వాడుకున్నంతకే. ఎఫ్‌డీ పగలగొట్టడంతో పోలిస్తే ఏడాదికి మీకు ఎక్కువ పడేది 1,200 లోపు. బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి, రేపు మనుషులకేదైనా వస్తే గంటలో బ్యాంకులో పెట్టుకోవచ్చు. ట్రీట్‌మెంట్ అయ్యాక అదే 15,000 కడుతూ పోతే 8 నెలల్లో ఓడీ తీరిపోతుంది.

మిగిలిన నెలకి 2,000 మాత్రం ముట్టుకోకండి, 6 నెలలకి 12,000 అవుతుంది, అది చివరి రోజులకి. అప్పుడు రాత్రిపూట డాక్టర్‌ని ఇంటికి పిలవాల్సి వస్తే ఎంత అని ఆలోచించే స్థితిలో ఉండరు మీరు.

ఇంట్లో అందరూ కూర్చుని 2,05,000 దాటం అని ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి, అత్తయ్యగారిని కూడా కూర్చోబెట్టండి. ఎందుకంటే బడ్జెట్ పోయేది మొదటిసారి కాదు, జబ్బు తిరగబెట్టినప్పుడు. అప్పుడు ఇంకో మందు ట్రై చేద్దాం అంటారు, అది పనిచేసినా మొదటిసారి అంత కాలం నిలబడదు, అయినా అప్పటికి మీరు నో చెప్పలేరు. విలలోబోస్ అని అమెరికాలో కుక్కల క్యాన్సర్ డాక్టర్ ఒకావిడ ఒక స్కేల్ తయారు చేసింది, నొప్పి, తిండి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, నడక, మంచి రోజులెన్ని చెడ్డ రోజులెన్ని అని 7 విషయాలకి 10 చొప్పున మార్కులు, 70కి 35 దాటితే ఫర్వాలేదని. ప్రతి ఆదివారం వెయ్యండి, ఒకవారం మీరు ఒకవారం మీవారు.

మీ గురించి కూడా చెప్పాలి. కెంట్ స్టేట్ యూనివర్సిటీలో స్పిట్జ్‌నేగెల్ అనే సైకాలజిస్ట్ టీమ్ 2017లో జబ్బు చేసిన పెట్స్ ఉన్న 119 మందిని, ఆరోగ్యంగా ఉన్న పెట్స్ ఉన్న 119 మందిని పోల్చి చూశారు, జబ్బు పెట్స్ చూసుకునేవాళ్ళలో స్ట్రెస్, డిప్రెషన్, యాంగ్జైటీ లక్షణాలు ఎక్కువ. మీరు ఇప్పటికే రాత్రి నిద్రపోవట్లేదని రాశారు. అందుకే ఆ 6 ట్రిప్పుల్లో 3 మీవారివి, ఆయనకి సెలవు జీతంతోనే వస్తుంది కాబట్టి లెక్క ప్రకారం కూడా అదే కరెక్ట్. డోసు పడ్డాక రెండు మూడు రోజులు బ్రూనో యూరిన్, మోషన్ గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు, పనమ్మాయి తుడుస్తుంటే ఆమెకీ గ్లౌజులు కొనివ్వండి, కడుపుతో ఉన్నవాళ్ళని అసలు ఆ దగ్గరికి రానివ్వద్దు.

ట్యాక్స్ సంగతి అడిగారు, మనుషుల వైద్యం ఖర్చుకి ఇచ్చే ట్యాక్స్ మినహాయింపులు పెట్స్ ఖర్చుకి ఏవీ వర్తించవు. ఆన్‌లైన్‌లో విరాళాలు అడుగుదామనుకుంటే, బంధువులు కానివాళ్ళ దగ్గర్నించి ఏడాదిలో 50,000 దాటితే ఆ మొత్తం మీ ఆదాయంలో కలిపి ట్యాక్స్ వేస్తారు, ఈ చిన్న సంగతి చాలామందికి తెలీదు.

బ్రూనోకి ఇప్పుడు ఇన్సూరెన్స్ చేసినా ఈ జబ్బుకి రాదు, ముందే ఉన్న జబ్బులు కవర్ కావు. కానీ ఇంట్లో 2 ఏళ్ళ ఆడ కుక్క కూడా ఉందన్నారు కదా, దానికి ఇప్పుడే చూడండి, వయసు దాటితే తీసుకోరు. పాలసీలో క్యాన్సర్ ఉందా, వెయిటింగ్ పీరియడ్ ఎంత, ఏడాదికి లిమిట్ ఎంత అని చదివి మరీ సంతకం పెట్టండి. దానికి ఇంకా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే అదీ చేయించేయండి, లేటయ్యేకొద్దీ రొమ్ము గడ్డల రిస్క్ పెరుగుతుంది.