అంకె కనిపిస్తే ఆగి అడగాల్సిన ప్రశ్న

చి. మైథిలికి పెద్దమ్మ ఆశీస్సులు.

పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు బైపీసీలో ఇంగ్లీషు పదాలు చూసేసరికి నీకు టెన్షన్ పట్టుకుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ట్రై, టెట్రా, పెంటా అంటూ కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నావట. మంచిదే, ఉండనీ. మోనో నుంచి డెకా దాకా గ్రీకు అంకెలు నోటికి రావాల్సిందే. ఒక్క సాయంత్రం కూర్చుంటే వచ్చేస్తాయి. తొమ్మిదికి మాత్రం కెమిస్ట్రీలో లాటిన్ నుంచి వచ్చిన నోనా వాడతారు, నోనేన్ అన్నట్టు. అంకె తెలిసిన పిల్లలు కూడా మార్కులు పోగొట్టుకునేది వేరే చోట. ఆ అంకె దేన్ని లెక్కపెడుతోందో వాళ్లు చూసుకోరు. పదం కనపడగానే "ఆరు ఏమిటి? నాలుగు ఏమిటి?" అని అడగడం అలవాటు చేసుకో.

హెక్సా తీసుకో. హెక్సోజ్‌లో ఆరు కార్బన్లు, గ్లూకోజ్ అలాంటిదే. హెక్సాపోడాలో ఆరు కాళ్లు, అంటే కీటకాలు. మనం చపాతీకి వాడే గోధుమ హెక్సాప్లాయిడ్. అక్కడ ఆరు అనేది క్రోమోజోముల సెట్ల లెక్క. ఒక్కో సెట్టులో 7, మొత్తం 42. దాని సంయోగబీజంలో, అంటే సగం క్రోమోజోములుండే లైంగిక కణంలో, 21 ఉంటాయి. ఇలా సగం ఉన్న కణాన్ని హాప్లాయిడ్ అన్నారు కదా అని ఒకే సెట్టు ఉంటుందనుకోకు, అందులో మూడు సెట్లుంటాయి. ఎంట్రన్స్ పరీక్షల్లో ఇది అడుగుతారు.

కెమిస్ట్రీలో ఎక్కువమంది తడబడేది ఆక్టాహెడ్రల్ దగ్గర. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో ఫ్లోరిన్లు ఆరు, ఆకారం పేరులో ఎనిమిది. ఒక చిన్న బంగాళాదుంప తీసుకుని పైన ఒకటి, కింద ఒకటి, చుట్టూ నాలుగు అగ్గిపుల్లలు గుచ్చు. పుల్లల చివరలను దారంతో కలుపు. పైన నాలుగు త్రికోణాలు, కింద నాలుగు కనిపిస్తాయి. ఎనిమిది ఆ ముఖాల లెక్క. ఫ్లోరిన్లు ఉండేది ఆరు మూలల్లో. ఇది చేతులతో చేసి చూడాల్సిందే, పుస్తకంలో బొమ్మ చూస్తే చాలదు.

జంతువుల్లో రొయ్య మంచి ఉదాహరణ. డెకాపోడా అంటే పది కాళ్లు. ఆదివారం మీ నాన్న రొయ్యలు తెస్తే ఒలిచేముందు ఒకటి అడిగి తీసుకో. పొట్ట కింద ఈదడానికి వాడే కాళ్లు ఇంకో అయిదు జతలు కనిపిస్తాయి. పేరులో ఉన్న పది నడిచే కాళ్లకే.

ఇక పూలు. వీటి దగ్గర నేను తొందరగా వదిలిపెట్టలేను. కంది పువ్వు విప్పితే పది కేసరాలుంటాయి. తొమ్మిది కలిసిపోయి, ఒకటి విడిగా ఉంటుంది. దాన్ని డయడెల్ఫస్ అంటారు, డై అంటే రెండు కట్టలు. ఆవ పువ్వులో ఆరు కేసరాలుంటే పేరు టెట్రాడైనమస్, పొడవుగా ఉండేవి నాలుగు కాబట్టి. రెండు పూలూ మన చేలల్లో దొరికేవే. బ్లేడుతో నిలువుగా కోసి ఒక్కసారి లెక్కపెట్టావంటే మళ్లీ చదవక్కర్లేదు.

నీ తెలుగు మీడియం చదువు ఇక్కడ నీకు బలం. డయీషియస్ అంటే రెండు ఇళ్లు: మగ పూల చెట్టు వేరు, ఆడ పూల చెట్టు వేరు. తాటిచెట్టు అలాంటిదే, కాయని దాన్ని పోతుతాడు అంటారు కదా. దీన్నే తెలుగులో ఏకలింగాశ్రయి అంటాం. ఇంగ్లీషులో రెండు, తెలుగులో ఒకటి! కంగారుపడకు. గ్రీకు పదం ఇళ్లను లెక్కపెట్టింది, మన పదం ఒక చెట్టులో ఎన్ని లింగాలున్నాయో లెక్కపెట్టింది. అలాగే ఒకే చెట్టున రెండు రకాల పూలూ పూసే కొబ్బరి మోనీషియస్, తెలుగులో ద్విలింగాశ్రయి. రెండు పేర్లూ పక్కపక్కన రాసుకుంటే విషయం బాగా పట్టుబడుతుంది.

కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఏకబంధాలతో కలిసి ఉండే ఆల్కేన్లలో మొదటి నాలుగు పేర్లకు ఈ అంకెలతో పని లేదు. మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ పాత పేర్ల నుంచి వచ్చాయి. బ్యూటేన్ మూలం వెన్నలోని బ్యూటిరిక్ ఆమ్లం. పెంటేన్ నుంచే లెక్క మొదలవుతుంది.

చివరగా డై, బిస్ తేడా. రెండింటికీ అర్థం రెండే. ఏడీపీలో (అడినోసిన్ డైఫాస్ఫేట్) రెండు ఫాస్ఫేట్లు ఒకదాని వెనక ఒకటి గొలుసుగా ఉంటాయి, అందుకే డైఫాస్ఫేట్. గ్లూకోజ్‌ను విడగొట్టే గ్లైకాలసిస్‌లో వచ్చే ఫ్రక్టోజ్ 1,6-బిస్‌ఫాస్ఫేట్‌లో ఒకటి మొదటి కార్బన్ మీద, ఇంకోటి ఆరో కార్బన్ మీద విడివిడిగా ఉంటాయి. కిరణజన్య సంయోగక్రియలో రిబ్యులోజ్ 1,5-బిస్‌ఫాస్ఫేట్ కూడా అంతే. పాత పుస్తకాల్లో వీటిని డైఫాస్ఫేట్ అని రాసేవారు. సీనియర్ల నోట్స్‌లో అలా కనిపిస్తే అది వేరే పదార్థం అనుకోకు. నువ్వు మాత్రం పరీక్షలో బిస్ అనే రాయి.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు బాటనీ రికార్డు తెచ్చుకో, పూల చిత్రాలు కలిసి గీద్దాం.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ