అల్లుడిది బద్ధకం కాదమ్మా

అమ్మడూ,

"ఏం చెప్పినా చేస్తాలే అంటాడు, సాయంత్రానికి చూస్తే అక్కడే కూర్చుని ఉంటాడు పెద్దమ్మా" అని రాశావు. మీ ఆయనకు మయోటోనిక్ డిస్ట్రోఫీ టైప్ 1 అనే వంశపారంపర్య కండరాల జబ్బు ఉందని తేలినప్పుడు నీకు చేతుల గురించీ కాళ్ల గురించీ చెప్పి ఉంటారు. సీసా మూత పట్టుకుంటే వేళ్లు వెంటనే విడివడకపోవడం, కనురెప్పలు వాలిపోవడం ఎవరికైనా కనబడేవే. మెదడు సంగతి మాత్రం చాలామంది ఎత్తరు. సంసారాలు నలిగేది అక్కడే.

19వ క్రోమోజోమ్ మీద డీఎంపీకే అనే జన్యువుంది. అందులో సీటీజీ అనే మూడు డీఎన్ఏ అక్షరాలు మళ్లీ మళ్లీ వరసగా పడుతూ ఉంటాయి. మామూలు వాళ్లలో అవి 34 దాటవు, 50 దాటితే జబ్బు. అలా సాగిపోయిన జన్యువు నుంచి వచ్చే నకలు, అంటే ఆర్ఎన్ఏ, కణానికి కావలసిన కొన్ని ప్రొటీన్లను తనకే అంటగట్టుకుని పనిచెయ్యనివ్వదు. కండరంలో జరిగేదే గుండెలోనూ మెదడులోనూ జరుగుతుంది. మెదడులో ముఖ్యంగా దెబ్బతినేవి పని మొదలుపెట్టడం, దేని తర్వాత ఏదో వరస పెట్టుకోవడం, ఒకదాన్ని వదిలి ఇంకోదానికి మారడం. మాటకారితనం ఉంటుంది, పాత సంగతులు గుర్తుంటాయి. అందుకే "అన్నీ తెలిసీ కావాలనే చేస్తున్నాడు" అనిపిస్తుంది.

ఈ జబ్బు మేనరికం వల్లే వచ్చిందని మీ అత్తగారు అంటున్నారన్నావు. దానికీ దీనికీ సంబంధం లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉంటే చాలు, పుట్టే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. తరం మారేకొద్దీ ముందే, గట్టిగా రావచ్చు. పిల్లల గురించి అనుకునే ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌కి ఇద్దరూ వెళ్లండి.

ఇక పని చేయించడం. "కరెంటు బిల్లు కట్టు" అంటే అతని బుర్రలో అది ఐదారు పనులు. నువ్వు ముక్కలు చెయ్యి. కాఫీ తాగిన వెంటనే ఫోన్ చేతికిచ్చి, "ఫోన్‌పే తెరువు" అను. తెరిచాక, "సర్వీసు నంబరు ఇదిగో" అని కాగితం పక్కన పెట్టు. మొదటి రెండు నిమిషాలు పక్కనుంటే చాలు, ఆ తర్వాత బండి తనే నడుస్తుంది. ఒక పూటకు ఒకటే పని, రోజూ అదే వేళకు. గోడ మీద బోర్డు పెట్టి మూడుకు మించి రాయకు. పది రాస్తే అతను దాన్ని చూడనే చూడడు.

ముఖం సంగతి ఇంకోటి. ముఖ కండరాలు నీరసించి ఉంటాయి కాబట్టి సంతోషం కూడా చిరాకులా కనబడుతుంది. పైగా ఎదుటివాళ్ల ముఖంలో కోపం, భయం లాంటివి పోల్చుకోవడం కూడా ఈ జబ్బులో తగ్గుతుంది. మూతి ముడుచుకుని కూర్చుంటే అతనికి అందదు. "నాకు కోపంగా ఉంది, ఇందుకు" అని నోటితో చెప్పు. అతని మనసులో ఏముందో కూడా అడిగే తెలుసుకో, ముఖం చూసి తీర్పు చెప్పకు.

తనంతట తను ఏదీ మొదలుపెట్టని ఈ నిరాసక్తతనీ డిప్రెషన్‌నీ ఒక గాటన కట్టొద్దు. బలవంతాన పెళ్లికి తీసుకెళ్తే అక్కడ హాయిగానే గడిపేస్తే అది నిరాసక్తత. ఏడుపు, "నేను ఉండి ఎందుకు" అనే మాట, తిండి మీద విరక్తి కనిపిస్తే డిప్రెషన్ అనుకో, ఆలస్యం చెయ్యకుండా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లు. అప్పుడు ఈసీజీ కాగితం వెంట ఉండాలి. కొన్ని డిప్రెషన్ మందులు గుండె లయను చెడగొడతాయి, ఈ జబ్బులో గుండె విద్యుత్తు ముందే బలహీనం. ఈసీజీ ఏడాదికోసారి తప్పనిసరి.

పగటి నిద్రకు కారణాలు రెండు. ఒకటి మెదడులోదే. రెండోది ఊపిరి కండరాలు నీరసించి రాత్రి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. పొద్దున్నే తలనొప్పి ఉంటే ముందు రెండోదాన్ని అనుమానించి నిద్ర పరీక్ష అడుగు, మాస్కుతో ఊపిరికి సాయం చేసే బైపాప్ మిషన్ అవసరం కావచ్చు. మెలకువకు మొడాఫినిల్ ఇస్తారు, కానీ గుండె చూశాకే. నిద్ర సరిగా పట్టట్లేదని మందుల షాపులో నిద్రమాత్ర మాత్రం కొనకు. అది ఊపిరినే అణిచేస్తుంది. ఏ ఆపరేషనైనా, పన్ను పీకించుకోవడానికి మత్తిచ్చినా సరే, జబ్బు పేరు ముందే చెప్పాలి. కునికిపాట్లు తగ్గేదాకా బండి తాళం నీ దగ్గరే పెట్టుకో.

2018లో వెలువడిన ఒక యూరప్ అధ్యయనంలో నాలుగు దేశాల నుంచి ఈ జబ్బున్న 255 మందిని తీసుకున్నారు. అందులో సగం మందికి పది నెలల పాటు బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలూ అలవాట్లూ మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స ఇచ్చారు, కొందరికి మెల్లగా పెంచే వ్యాయామం కూడా కలిపారు. వాళ్లకు రోజువారీ పనులు కాస్త మెరుగయ్యాయి. అద్భుతమేం కాదు, కానీ ఊరికే కూర్చోవడం కన్నా నయమే. థెరపిస్టు దొరకకపోతే రోజూ ఒకే వేళకు పది నిమిషాల నడకతో మొదలుపెట్టించు.

డాక్టరు గదిలో "బానే ఉన్నానండీ" అంటాడు. అది అబద్ధం కాదు, తనలో లోపాన్ని తనే గుర్తించలేకపోవడం కూడా జబ్బులో భాగమే. అందుకని ఎప్వర్త్ నిద్ర ప్రశ్నలు తీసుకో. ఎనిమిది సందర్భాలు, ఒక్కోదాంట్లో కునుకు పట్టే అవకాశం ఎంతో 0 నుంచి 3 వరకు మార్కులు వెయ్యాలి, మొత్తం 24, పది దాటితే ఎక్కువ నిద్రమత్తు ఉన్నట్టు. ఒక కాగితం అతను నింపాలి, ఇంకోటి అతను చూడకుండా నువ్వు నింపాలి. అతను ఆరు వేసి, నువ్వు పదహారు వేస్తే ఆశ్చర్యపోకు. రెండూ కలిపి పిన్ను కొట్టి డాక్టరు చేతికివ్వు.

పెద్దమ్మ