అటక మీద దొరికిన పాత చిక్కుడు గింజలు మొలుస్తాయా? నా అనుభవం

మీ అమ్మమ్మగారి ట్రంకు పెట్టెలో గుడ్డ మూటల్లో చిక్కుడు, దోస, ఉల్లి గింజలు దొరికాయని రాశారు. పదిహేనేళ్ల పైబడినవట. రాత్రికి నీళ్లలో నానబెట్టి పొద్దున్నే కుండీలో పెట్టేయొచ్చా అని అడిగారు. ఇంకా నానబెట్టకపోతే ఆగండి. సరిగ్గా ఆ పనే చేసి నేను పది గింజలు పాడుచేసుకున్నాను.

2021 ఎండాకాలంలో ప్రకాశం జిల్లాలో మా ఊరి ఇంటికి రిపేర్లు చేయిస్తుంటే అటక మీద ఒక పాత హార్లిక్స్ సీసా దొరికింది. మూతకింద గుడ్డ బిగించి ఉంది. లోపల సగం దాకా పిడకల బూడిద, అందులో మూడు చిన్న మూటలు. చిక్కుడు గింజలు 31, పొట్ల గింజలు 12, బెండ గింజలు గుప్పెడు. మా నాయనమ్మ 2008లో పోయింది, ఆ తర్వాత ఆ అటక ఎవరూ ఎక్కలేదు. అంటే తక్కువలో తక్కువ పదమూడేళ్లు. హైదరాబాద్ తెచ్చుకుని మా మిద్దె తోటలో పెడదామని సంబరపడ్డాను.

ఆ సంబరంలోనే పది చిక్కుడు గింజలు గ్లాసు నీళ్లలో వేసి పడుకున్నాను. పొద్దున చూస్తే బాగా ఉబ్బాయి. అబ్బ, బతికే ఉన్నాయనుకున్నా. దగ్గరగా చూస్తే పొట్టు ముడతలుపడి చిట్లింది, పప్పు రెండు బద్దలుగా విడిపోయింది, నీళ్లు పచ్చగా మారి పైన నురగ కట్టింది. మూడో రోజుకి ఆ గ్లాసు దగ్గరికి వెళ్లలేకపోయాను, అంత కంపు.

ఎందుకలా అయిందంటే, గింజ పాతబడేకొద్దీ లోపలి కణాల పైపొర బలహీనపడుతుంది. బాగా ఎండిన గింజలోకి నీళ్లు ఒక్కసారిగా దూరితే ఆ పొరలు తట్టుకోలేవు. లోపలి చక్కెరలు బయటికి కారిపోతాయి, వాటి మీద బూజు పండగ చేసుకుంటుంది. నిరుటి గింజ ఈ దెబ్బకి ఓర్చుకుంటుంది. పాతది ఓర్చుకోలేదు. చిక్కుడు, బొబ్బర, కంది లాంటి పప్పుజాతి గింజల్లో ఈ తిప్పలు మరీ ఎక్కువ.

రెండోసారి ఎనిమిది గింజలే తీశాను (మీరూ ఉన్నవన్నీ ఒకేసారి పెట్టకండి). వెడల్పాటి స్టీలు డబ్బా అడుగున తడిగుడ్డ పరిచి, దాని మీద టీ వడకట్టే జల్లెడ నిలబెట్టి, జల్లెడలో గింజలు పోసి మూత పెట్టేశాను. గింజకి నీటిచుక్క తగలకూడదు, గాలిలోని తేమ మాత్రమే తగలాలి. ఒకటిన్నర రోజు అలాగే ఉంచాక తీసి చూస్తే పొట్టు మీది మెరుపు పోయి, చేతికి కాస్త మెత్తగా తగిలాయి. తర్వాత మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని 3 శాతానికి పలచన చేసి, ఐదు నిమిషాలు ముంచి కడిగాను. అది పైనున్న బూజు కోసం, అంతకుమించి దాని వల్ల ఒరిగేదేమీ లేదు. సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలపండి. తర్వాత గట్టిగా పిండిన గుడ్డలో చుట్టి, టిఫిన్ బాక్సులో పెట్టి, వంటింట్లో వెచ్చటి మూల ఉంచాను. 25 నుంచి 30 డిగ్రీల వేడి ఉంటే చాలు.

రోజూ పొద్దున విప్పి చూడటం, జిగురొచ్చిన గింజని తీసి పారేయడం. నాలుగు రోజులు ఏమీ లేదు. ఆరో రోజు ఒకదానికి తెల్లగా సూదిమొనంత వేరు కనిపించింది. తొమ్మిదో రోజు ఇంకోటి, పదకొండో రోజు మూడోది. మిగతా ఐదూ కుళ్లిపోయాయి. కొత్త గింజైతే మూడు, నాలుగు రోజుల్లో తేలిపోయేది. కాబట్టి వారంలో మొలవలేదని పారేయకండి, కుళ్లనంత వరకు ఆశ ఉన్నట్టే.

మొలిస్తే అయిపోయిందనుకున్నా, కానీ అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది. మూడింట్లో ఒకదాని వేరు కొస గోధుమరంగుకి తిరిగి అక్కడే ఆగిపోయింది. రెండింటిని పేపరు కప్పుల్లో, ఇసుక కలిపిన కొబ్బరి పొట్టులో నాటాను. ఎరువు అస్సలు వేయలేదు, అంత నీరసంగా ఉన్న మొక్కకి ఎరువు వేస్తే కుళ్లే ప్రమాదమే ఎక్కువ. ఒకటి నాలుగాకులేశాక పావురాల పాలైంది. (మిద్దె తోట ఉన్నవాళ్లకి పావురాల గురించి నేను చెప్పక్కర్లేదు.) మిగిలిన ఒక్కదానికీ దోమతెర ముక్క కప్పి కాపాడాను.

పొట్ల గింజల అంచుని గోళ్లు తీసే కట్టర్‌తో కొద్దిగా కొరికి, అదే పద్ధతిలో పెట్టాను. పన్నెండూ పోయాయి. బెండ కూడా ఒక్కటీ లేవలేదు.

ఇక మీ గింజల సంగతి. ఉల్లి మీద ఆశ పెట్టుకోకండి. ఉల్లి విత్తనం మామూలుగా ఉంచితే ఒకటి రెండేళ్లకే చచ్చిపోతుంది, అందుకే రైతులు పాత ఉల్లి విత్తనాన్ని నమ్మరు. చిక్కుడు సంగతి నాది చూశారుగా. దోస మీద మాత్రం నాకు కొంచెం నమ్మకం ఉంది, దోస, టమాటా విత్తనాలు మిగతా కూరగాయల కంటే ఎక్కువ కాలం ఆగుతాయి. ముందు దోసతోనే మొదలుపెట్టండి.

అయితే వయసు కంటే ఎలా దాచారన్నదే పెద్ద విషయం. ఇజ్రాయెల్‌లో మసాడా కోట తవ్వకాల్లో దొరికిన, దాదాపు 2000 ఏళ్ల నాటి ఖర్జూరపు గింజ 2005లో మొలిచింది. అది ఎడారి పొడి వాతావరణం. మన కోస్తా ఉక్కలో అట్టపెట్టెలో పడేసిన గింజ రెండేళ్లు ఆగినా గొప్పే. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన మోటు లెక్క ఒకటుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గినా, దాచిన చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గినా ఆయుష్షు రెట్టింపవుతుందని. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ ఉంది, దాని జన్యు బ్యాంకులో (విత్తనాలు దాచే చోటు) గింజలు బాగా ఎండబెట్టి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టేది అందుకే. నాయనమ్మ సీసాలో బూడిద చేసింది కూడా ఆ తేమ పీల్చే పనే. కాకపోతే ఆవిడ ఆ గింజలు దాచింది వచ్చే తొలకరికి, పదమూడేళ్ల తర్వాత నేను తీస్తానని కాదు. జహీరాబాద్ వైపు బూడిద, వేపాకు వేసి బుట్టల్లో విత్తనం దాచే మహిళా రైతులు కూడా ఏటా దాన్ని విత్తి కొత్త గింజ తీసుకుంటారు.

నీళ్లలో తేలితే తాలు, మునిగితే మంచిది అనే పరీక్ష పాత గింజలకి వద్దు. సొర, బీర గింజలు కొత్తవే తేలుతుంటాయి, పైగా ఆ పరీక్ష పేరుతో గింజని మళ్లీ నీళ్లలో ముంచినట్టే. జిబ్బరెల్లిక్ యాసిడ్ కొనమని కూడా సలహాలొస్తాయి. అది నిద్రలో ఉన్న గింజని లేపుతుంది గానీ చచ్చిన గింజకి ప్రాణం పోయదు. నేను కొనలేదు.

నా ఒక్క తీగ జూన్ చివర్లో నాటితే అక్టోబరు దాకా ఆకులే. పూత రాదేమోనని తీసేద్దామనుకున్నా. పాత నాటు చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గానీ పూయదని తర్వాత తెలిసింది. కార్తీకంలో ఊదారంగు పూత విరగబూసింది. సంక్రాంతికి ఊదా అంచున్న కాయలు రెండు కిలోల దాకా వచ్చాయి, కొన్ని తీగ మీదే ఎండనిచ్చి విత్తనానికి ఉంచాను.

పండక్కి వచ్చిన మా మేనత్తకి ఆ కాయలు చూపించి, "నాయనమ్మ విత్తనం అత్తా" అని గొప్పగా చెప్పాను. ఆవిడ కాయ ఒకటి విరిచి చూసి, "మీ నాయనమ్మది తెల్ల చిక్కుడురా. ఇది మా అత్తగారి ఊరిది, నేనే తెచ్చి ఇచ్చా. నా దగ్గరున్న విత్తనం ఎప్పుడో పోయింది" అంది. వెళ్లేటప్పుడు గుప్పెడు ఎండు కాయలు కొంగున కట్టుకుపోయింది.