ముందు మనిషిని చూసుకో, తర్వాత మాట చెప్పు

తల్లీ,

పుట్టినప్పుడు అబ్బాయని రాసినా నువ్వు అమ్మాయివే, ట్రాన్స్ అమ్మాయివి. అలాంటి నిన్ను బడిలో అబ్బాయిల వరుసలో నిలబెడుతున్నారనీ, ప్రార్థనలో తల వంచిన ప్రతిసారీ దేవుడికి అబద్ధం చెబుతున్నట్టు ఉంటోందనీ రాశావు. నేనూ మతం నడిపే బడిలో, హాస్టల్లో పెరిగిన దాన్నే. దేవుడికి నువ్వు చెబుతున్న అబద్ధమేమీ లేదు. బడికి చెప్పకపోవడమంటావా, అది జాగ్రత్త.

ఎవరికి చెప్పాలని అడిగావు. ప్రార్థన సభలో అందరూ ఏడుస్తూ మనసు విప్పే పూట మాత్రం నోరెత్తకు. ఆ ఊపులో అన్నమాట మర్నాటికి ప్రిన్సిపాల్ గదికీ, ఆ సాయంత్రానికి మీ ఇంటికీ చేరుతుంది. కొన్నాళ్లు ఊరికే గమనించు. ఒక పిల్లాడి నడకను క్లాసంతా వెక్కిరిస్తే ఏ టీచరు అడ్డుపడుతున్నారు, ఎవరు తామూ నవ్వుతున్నారు? వేరేవాళ్ల రహస్యం నీ చెవిన వేసేవాళ్లు నీది ఇంకొకరి చెవిన వేస్తారు. ఒక్కరు దొరికితే చాలు. "మా ఇంట్లో ఇంకా తెలీదు, మీ దగ్గరే ఉంచండి" అని ముందే అడుగు. వాళ్లు నీకు దారులు చూపించక్కర్లేదు, నీ పేరు పెట్టి పిలిస్తే అదే పదివేలు. ఎంచుకున్న పేరుతో పిలిచే చోట్లు పెరిగినకొద్దీ ట్రాన్స్ పిల్లల్లో దిగులూ, చావు ఆలోచనలూ తక్కువగా కనిపించాయని 2018లో ఒక అధ్యయనం వచ్చింది. మాకు అది చదవక ముందే తెలుసులే!

నీది ఏ మతం బడో రాయలేదు. ఏదైనా సరే, గ్రంథాలన్నీ వాళ్ల పక్షమే అనుకోకు. బైబిల్లో యెషయా గ్రంథం 56వ అధ్యాయంలో దేవుడు నపుంసకులకు కొడుకులూ కూతుళ్లకంటే మేలైన పేరు ఇస్తానంటాడు. భారతంలో ఆడపిల్లగా పుట్టి మగవాడైన శిఖండి ఉన్నాడు. ఇరాన్‌లో ముస్లిం మతనాయకుడు ఖొమైనీ 1980లలో లింగమార్పిడి చికిత్సకు అనుమతిస్తూ ఫత్వా ఇచ్చారు. ఇవన్నీ నీ ధైర్యానికి. క్లాసులో వాదనకు మాత్రం దిగకు, మార్కులు వాళ్ల చేతిలో ఉన్నంతకాలం గెలిచినా నష్టం నీకే.

"నిన్ను బాగు చేస్తాం" అంటూ ఉపవాసాలకో, ప్రత్యేక ప్రార్థనలకో పిలిస్తే ఒంటరిగా వెళ్లకు, ఆ ఒక్క మనిషికి వెంటనే చెప్పు. బాగు చెయ్యడానికి ఇది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల జాబితాలో దీన్ని మానసిక రుగ్మతల్లోంచి తీసేసింది. అది 2022 నుంచి అమల్లో ఉంది. ఇలా మార్చబోయే ప్రయత్నాలు హాని చేస్తాయని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2021లో తీర్మానమే చేసింది.

బాత్రూమ్ భయంతో నీళ్లు తాగడం మానేశానన్నావు, వెంటనే మళ్లీ తాగడం మొదలుపెట్టు. మూత్రం బిగబట్టుకుంటే ఇన్ఫెక్షన్లు రావచ్చు. క్లాసు జరుగుతుండగా అడిగి వెళ్లు, అప్పుడు ఖాళీగా ఉంటుంది. గొంతు మారుతోందన్న కంగారులో ఎవరో ఇచ్చిన హార్మోన్ మాత్రలు మింగకు, డాక్టరు చూడాల్సిన సంగతి అది.

చచ్చిపోవాలనిపించిన రాత్రి ఒక్కదానివే ఉండకు. పక్క మంచం వాళ్లనైనా లేపు. కారణం చెప్పక్కర్లేదు, భయంగా ఉందంటే చాలు. తెల్లారగానే ఆ నమ్మకస్థురాలికో, డాక్టరుకో ఉన్నదున్నట్టు చెప్పు.

చదివాక ఈ ఉత్తరం చించెయ్యి. హాస్టళ్లలో పెట్టెలు వెతుకుతారు.

నీ
పెద్దమ్మ