షటిల్ మ్యాచ్ చూడాలంటే ఎక్కడ కూర్చోవాలి?

2026 ప్రపంచ బ్యాడ్మింటన్ ఛాంపియన్‌షిప్ ఢిల్లీలో కదా, పురుషుల సింగిల్స్ కోసం అంత దూరం వెళ్లాలా, టీవీలో చూస్తే చాలదా అని అడిగారు. వీలుంటే తప్పకుండా వెళ్లండి. మన దేశంలో ఈ పోటీ ఇంతకుముందు జరిగింది 2009 ఆగస్టులో, హైదరాబాద్‌లోని గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో. ఆ ఫైనల్ నేను అక్కడే కూర్చుని చూశాను.

అంతకు ముందు ఏడాది బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో చైనా ఆటగాడు లిన్ డాన్ 21-12, 21-8తో మలేషియాకు చెందిన లీ చాంగ్ వీని ఓడించాడు. మళ్లీ వాళ్లిద్దరే తలపడతారన్న నమ్మకంతో చివరి రోజుకు మాత్రమే టికెట్ కొన్నాను. కానీ లీ క్వార్టర్ ఫైనల్లోనే ఇండోనేషియాకు చెందిన సోనీ ద్వి కుంచోరో చేతిలో ఓడిపోయాడు. ఫైనల్‌కు మిగిలింది ఇద్దరు చైనా ఆటగాళ్లు, లిన్ డాన్, చెన్ జిన్. నిరుత్సాహంగానే వెళ్లాను.

నా సీటు కోర్టు పక్కన, దాదాపు నెట్‌కు ఎదురుగా. కాలేజీ రోజుల నుంచి షటిల్ ఆడుతున్నాను, ఎన్నో మ్యాచ్‌లు టీవీలో చూశాను. అయినా అంత వేగాన్ని నేను ఊహించలేదు. టీవీ కెమెరా కోర్టు వెనుక ఎత్తు నుంచి చూపిస్తుంది కాబట్టి షటిల్ ఎంత పైకి లేస్తోందో, ఎంత నిటారుగా దిగుతోందో అందులో తెలియదు. పక్క నుంచి చూస్తే ఆట మరో రకంగా కనిపిస్తుంది. చెన్ జిన్ వెనక గీత దాకా టాస్ ఎత్తినప్పుడు, అంటే షటిల్‌ను ఎత్తుగా ఎదుటి కోర్టు చివరికి కొట్టినప్పుడు, అది పైకప్పు వైపు వెళ్లి, నెమ్మదించి, తల కిందులై దిగుతుంది. ఆ రెండు క్షణాల్లో అతను మళ్లీ కోర్టు మధ్యకు చేరుకోవాలి. టాస్ ఎత్తేది ఆ కాస్త సమయం కోసమేనని నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే.

లిన్ డాన్ నెట్ దగ్గర ఆడిన తీరు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ర్యాకెట్ ముందే సిద్ధంగా పెట్టి, కొట్టడం మాత్రం ఒక్క క్షణం ఆపేవాడు. ఆ క్షణంలో ఎదుటివాడి పాదం ఏదో ఒక వైపు కదిలిపోయేది. అప్పుడు షటిల్‌ను రెండో వైపు పంపేవాడు. స్మాష్‌కు చప్పట్లు కొట్టే జనం దీన్ని గమనించారో లేదో గాని, 21-18, 21-16తో అతను గెలిచింది చాలా వరకు ఇలాగే అని నా అభిప్రాయం.

అప్పటి నుంచి టీవీలో చూసినా నా కళ్లు పాదాల మీదే ఉంటాయి. 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని వెల్వాలో మన గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడాడు. భారత పురుషుల్లో అంత దూరం వెళ్లిన మొదటివాడు. తొలి గేమ్‌లో 9-3 ఆధిక్యం చూసి ఇంట్లో అందరూ సంబరపడ్డారు. తర్వాత సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ వేగం పెంచాడు. శ్రీకాంత్ నెట్ దగ్గరకు అర అడుగు ఆలస్యంగా చేరుతున్నాడని నాకు అనిపించిన కాసేపటికే గేమ్ చేజారింది. 21-15, 22-20తో బంగారు పతకం పోయింది. రెండో గేమ్‌లో అంత దగ్గరకు వచ్చి ఓడిపోవడం తలుచుకుంటే ఈనాటికీ బాధే.

ఇక మీ టికెట్ సంగతి. కోర్టు చివర కాకుండా పక్కన, నెట్‌కు వీలైనంత ఎదురుగా సీటు చూసుకోండి. డబ్బు ఒక్క రోజుకే సరిపోతే ఫైనల్ వదిలేసి క్వార్టర్ ఫైనల్స్ రోజుకు కొనండి. పురుషుల సింగిల్స్‌లోనే నాలుగు మ్యాచ్‌లు దొరుకుతాయి. 2009లో ఆ రోజు నేను ఇంట్లో ఉండిపోయాను. లీ చాంగ్ వీ ఓడిన సంగతి మర్నాడు పేపర్లో చదివాను.